బోరు పొక్కలో పోసిన జీతం

దసరాకు, సంక్రాంతికి ఊరికి పోయొచ్చిన మిత్రులు మా కార్యాలయం మెట్లెక్కినప్పుడల్లా ఒకటే ముచ్చట. "అన్నా, రెండెకరాలు చూసుకొని ఎవుసం మొదలుపెడదామనుకుంటున్న." నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసి వయసు దాటుతున్న నిరుద్యోగి ఈ మాట ఒక తీరుగ అంటాడు. నెలజీతం మీద నమ్మకం పోయిన ప్రైవేటు ఉద్యోగి ఇంకో తీరుగ అంటాడు. రిటైర్మెంటుకు రెండేళ్లున్న పంతులు సారు పెన్షన్ కాగితాలు లెక్కబెట్టుకుంటూ అంటాడు. ఈ కోరికను చూసి మేము నవ్వం. ఆ మట్టిలోంచి వచ్చినోళ్లం, ఆ మట్టి వాసన తెలిసినోళ్లం.

కానీ ఇటీవల వచ్చిన ఒక మిత్రుడు వేరే ముచ్చట మోసుకొచ్చాడు. ఆరేళ్ల పొదుపుతో మూడెకరాల చెలక కొన్నాడు. మొదటి బోరులో దుమ్ము లేచింది. రెండో బోరులోనూ దుమ్మే. మూడో బోరులో ఇంచు నీళ్లు పడ్డాయి, ఊరంతా కొబ్బరికాయ కొట్టింది. ఉగాది దాటకముందే అదీ ఆగిపోయింది. ఆయన మమ్మల్ని సాయం అడగలేదు. ఒక్క ప్రశ్న అడిగాడు: "ఈ సంగతి ముందుగాల ఎవ్వలూ ఎందుకు చెప్పలే?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సినోళ్లలో మా పత్రిక కూడా ఉంది. కార్పొరేట్ కొలువు వదిలి ఎవుసంలోకి దిగిన యువకుడి ఫొటో వేసి, పక్కన లక్షల ఆదాయం రాసే పత్రికలకు కొదువ లేదు. రెండేళ్లకు ఆ యువకుడు మళ్లీ అదే పట్నంలో అద్దె ఇల్లు వెతుక్కున్నప్పుడు ఏ విలేకరీ పోడు. ముప్పై ఏండ్ల నుంచి అదే ఊళ్లో నాటు వేసి, కలుపు తీసి, పిల్లల్ని చదివించిన ఆడమనిషి ఫొటో ఎన్నడూ అచ్చు కాదు. కొత్తగా దిగేటోళ్లకు తెలియాల్సిన సంగతులన్నీ మాత్రం ఆమె దగ్గరే ఉన్నాయి.

ముందు నీళ్ల సంగతి. మన నేల కింద చాలాచోట్ల ఉన్నది గట్టి రాయి. ఇసుక నేలల్లో లాగా ఎక్కడ తవ్వినా ఊరే నీళ్లు మనకు లేవు. పైన కుళ్లిన రాతి పొరలో కొన్ని, ఆ కింద రాయి పగుళ్లలో కొన్ని, అంతే. పగులు తగిలితే నీళ్లు, తగలకపోతే దుమ్ము. అందుకే పక్క చేనులో రెండించులు పోస్తున్న బోరుకు ఇరవై గజాల దూరంలో వేసిన బోరు ఎండిపోతుంది. లోతుకు పోతే నీళ్లు వస్తాయన్నది ఇంకో భ్రమ. లోతుకు పోయినకొద్దీ పగుళ్లు తగ్గుతాయి, అడుగుకు రేటు మాత్రం పెరుగుతుంది. మూడు వందల అడుగుల కాడ ఆపుదామనుకున్న మనిషి చేత "ఇంకో యాభై పోనియ్యి" అనిపించేది ఆశ. రాత్రిపూట రిగ్గు మోత నడుమ, ఇంటోళ్లంతా చుట్టూ నిలబడి చూస్తుంటే, ఆపమని చెప్పే గుండె ఎంతమందికి ఉంటుంది?

అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని పాయింటు చూసేటాయన ఊరూరా ఉన్నాడు. ఆయన్ను తిట్టి లాభం లేదు. భూగర్భ జలశాఖ జిల్లాల్లో ఉంది, పరిశీలక బావుల్లో నీటిమట్టం కొలుస్తుంది. కానీ ఆ లెక్క రైతు గడప దాకా రాదు, కొబ్బరికాయ వస్తుంది. కనుక కొత్తగా కొనేటోళ్లకు మేము చెప్పేది ఇది. భూమిని వానకాలంలో చూడొద్దు, ఎండకాలం నడినెత్తిన చూడండి. అక్టోబరులో ప్రతి బోరూ పోస్తుంది. మే నెలలో చుట్టుపక్కల నాలుగు చేన్లు తిరిగి, ఎవరి మోటరు ఎన్ని గంటలు పోస్తున్నది, ఎన్ని బోర్లు వేస్తే ఒకటి నిలిచింది అని అడగండి. నీళ్లున్న బోరు గురించి ఆసామి గొప్పగా చెప్తాడు. ఎండిన బోర్ల గురించి చెప్పించడానికి ఓపిక కావాలి, ఇంకో చాయ తాగాలి. చెరువు వెనక, చెరువు కింద ఉన్న బోర్లు నిలిచినంత కాలం గుట్ట పక్క చెలకలోవి నిలవవని పాత రైతులకు తెలుసు.

2002 నాటి వాల్టా చట్టం ప్రకారం బోరు వేయడానికి అనుమతి కావాలి, రిగ్గుకు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఎంతమంది పాటిస్తున్నారో ఊళ్లలో తిరిగే అధికారులకు మాకంటే బాగా తెలుసు. ఇంకోమాట, ఎండిన బోరుకు మూత వేయకుండా ఇంటికి రాకండి. 2017 జూన్‌లో చేవెళ్ల మండలంలో ఒక పసిపాప అట్లాంటి పొక్కలోనే పడి చనిపోయింది.

2018 జనవరి 1న ఎవుసానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. అంతకుముందు రాత్రి కరెంటుకు బాయి కాడికి పోయి, పాము కరిచి, షాకు కొట్టి పోయినోళ్లెందరో ఈ పత్రిక పాఠకులకు మళ్లీ చెప్పనక్కర్లేదు. కరెంటు రావడం గెలుపే. కానీ ఆటో స్టార్టరు పెట్టిన మోటరు రాత్రింబవళ్లు నడిచి బోరును తొందరగా తోడేస్తుంది. స్టార్టర్లు తీసేయమని సర్కారే అడగాల్సి వచ్చింది. ఎకరం వరి పండాలంటే 1,200 మిల్లీమీటర్ల నీళ్లు కావాలంటారు. లీటర్లలో లెక్కగడితే ఎకరానికి సుమారు 48 లక్షలు. ఇంచు నీళ్ల బోరు పెట్టుకొని యాసంగిలో మూడెకరాల నాటు వేసేవాడు ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద రాసుకోవాలి.

ఇప్పుడు భూమి ధర. పట్నం చుట్టూ, హైవేల పక్కన రియల్ ఎస్టేట్ పాడుచేసిన ఊళ్లలో ఎకరం 30 లక్షలకు దొరికితే చవక అంటున్నారు. ఆ 30 లక్షలు బ్యాంకులో ఉంటే 7 శాతం వడ్డీ లెక్కన ఏడాదికి 2 లక్షల 10 వేలు వస్తాయి. అదే ఎకరంలో రెండు పంటలు వరి వేశారనుకుందాం. పంటకు 24 క్వింటాళ్లు పండాయనుకుందాం, అది మంచి పంటే. 2025-26కు కేంద్రం ప్రకటించిన ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. రెండు పంటలకు కలిపి 1,14,672 రూపాయలు. ఇది చేతికొచ్చే మొత్తం, లాభం కాదు. దున్నకం, నారు, నాటు కూలి, ఎరువు, మందు, కోత మిషన్, ట్రాక్టరు కిరాయి, హమాలీ ఇందులోంచే పోవాలి. సన్నవడ్లకు 2024 వానకాలం నుంచి ఇచ్చిన 500 రూపాయల బోనస్ కలిపినా వడ్డీ దరిదాపుల్లోకి రాదు. అంటే ఆ ధరకు కొన్న మనిషి చేసేది ఎవుసం అని మేము అనుకోవడం లేదు. భూమి ధర పెరుగుతుందని కాసుకొని కూర్చున్నాడు, నడుమ వరి వేస్తున్నాడు. అది తప్పని కాదు. కానీ ఆ ఆదాయం మీద ఆధారపడి ఉన్న కొలువు మానేయొద్దు.

అయ్య భూమి రెండెకరాలున్న విద్యార్థి సంగతి వేరు. వడ్డీ లెక్క ఆయనకు లేదు. అయినా పై లెక్కలో ఖర్చులు పోను సగం మిగిలిందనుకున్నా, రెండెకరాలకు ఒక పంటకు 57 వేలు. దుక్కి నుంచి కాంటా దాకా ఐదు నెలలకు పంచితే నెలకు పదకొండు వేల చిల్లర. అందులో ఆయన కష్టం, అమ్మ కష్టం, నాయిన కష్టం కలిసే ఉన్నాయి. వడగండ్ల వాన పడితే అదీ లేదు. కల్లంలో తేమ 17 శాతం దాటితే కాంటా కాదు, ఐకేపీ సెంటర్ల ముందు టార్పాలిన్లు కప్పుకొని పడుకోవాలి. పత్తికైతే తేమ 12 శాతం లోపుండాలి. బీటీ పత్తికి తిరుగులేదని నమ్మిన ఊళ్లను గులాబీ పురుగు ఏం చేసిందో 2017లో చూసినం.

కాగితాల సంగతి ఇంకో పురాణం. 2020 అక్టోబరులో ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారినంత మాత్రాన గెట్టు పంచాయితీ తెగదు. పాసుబుక్కులో ఉన్న విస్తీర్ణం నేల మీద ఉందా అని సర్వేయర్‌తో కొలిపించాలి. ముఖ్యంగా లావుణి పట్టా సంగతి. పేదలకు సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమిని కొనడం 1977 చట్టం ప్రకారం చెల్లదు. "అందరూ కొంటున్నరు, ఏం కాదు" అనే బ్రోకరు రేపు తహసీల్దారు ఆఫీసులో మీ పక్కన నిలబడడు. అంతకంటే పెద్ద సంగతి, ఆ భూమి ఎవరి నోటికాడి కూడో కూడా ఆలోచించాలి. ఇక తొవ్వ. నక్షలో బాట ఉందా, లేక పక్క ఆసామి దయ మీద నడవాలా? కోత మిషన్ పోయే తొవ్వ లేని చేనులో పంట పండినా ఇంటికి రాదు.

వరి వద్దు, కూరగాయలు వేస్తామంటారు. మంచిదే, డ్రిప్పు పెడితే నీళ్లు తక్కువ. కానీ ముందు ఊళ్లో కోతులెన్నో లెక్కబెట్టండి. పల్లి, మక్క, కూరగాయలు ఇష్టంగా వేసే రైతులు కోతులకు, అడవిపందులకు జడిసి పత్తికి, వరికి మళ్లిన ఊళ్లు మన దగ్గర ఎన్నో. మార్కెట్ సంగతి టమాటనే చెప్పింది. 2023 జూలైలో కిలో వంద దాటింది. ఆ ధర చూసి నారు పెట్టినోళ్లకు సెప్టెంబరుకల్లా కోత కూలి కూడా రాలేదు. ఆ నడుమ అడ్తి కమీషన్ మాత్రం ఒక్క రోజూ ఆగలేదు.

బర్లు పెడతామనేటోళ్లకు ఒక్క సూచన. అంగట్లో పొదుగు చూసి డబ్బులు ఇయ్యకండి. ఒక పూట పాలు పిండకుండా ఆపి పొదుగు నిండుగా చూపడం పాత విద్య. వరుసగా మూడు పూటలు దగ్గరుండి పిండించి చూడాలి. బర్రె చూడి పది నెలల పైన, ఈనే ముందు రెండు నెలలు పాలు ఆగుతాయి. రెండింటినీ ఒకేసారి పాడితో కొంటే, రెండూ ఒకేసారి వట్టిపోయి కూర్చుంటాయి. దాణా మాత్రం రోజూ తింటాయి.

ఇన్ని చెప్పి, అసలు దిగొద్దంటున్నామా? లేదు. దిగే తీరు మార్చమంటున్నాం. కొనకముందు ఒక వానకాలం, ఒక యాసంగి ఎకరం కౌలుకు చేయండి. పోయినా కౌలు, పెట్టుబడి పోతుంది, జీవితకాలపు పొదుపు పోదు. మట్టి పరీక్ష చేయించండి, కృషి విజ్ఞాన కేంద్రం మెట్లెక్కండి. బోరు లేకుండా ఏం పండుతుందో ముందు చూడండి. జహీరాబాద్ ప్రాంతంలో దళిత ఆడబిడ్డలు నీటి వసతి లేని ఎర్రచెలకల్లో జొన్న, కంది, కొర్ర, సజ్జ, అనుములు కలిపి చల్లి దశాబ్దాలుగా ఇల్లు గడుపుతున్నారు. ఒకటి పోతే ఇంకొకటి నిలిచే ఆ పద్ధతి ఏ ఐటీ కొలువులోనూ నేర్పరు. రెండేళ్ల తిండి ఖర్చు పక్కన పెట్టుకోకుండా ఉద్యోగానికి రాజీనామా రాయకండి.

ఇక్కడే సర్కారును అడగాల్సిన మాట ఉంది. కౌలుకు చేసి నేర్చుకొమ్మని మేము చెప్తున్నాం గానీ, కౌలుదారుకు ఏముంది? 2018లో రైతుబంధు ఎకరానికి పంటకు 4 వేలతో మొదలైనప్పుడు పట్టాదారుకే ఇచ్చారు, దున్నేటోనికి ఇయ్యలేదు. ఐదు లక్షల రైతుబీమా కూడా పాసుబుక్కుకే. కౌలు రైతుకు గుర్తింపు కార్డు ఇచ్చి అప్పు ఇప్పించడానికి 2011లో ఒక చట్టమే చేశారు. ఆ కార్డులు ఎందరి చేతికి చేరాయో ఊరి కౌలు రైతులను అడిగితే చెప్తారు. పట్నంలో ఉండే పట్టాదారు ఖాతాలో పైసలు పడుతుంటే, నడుం వంచిన మనిషి వడ్డీ వ్యాపారి కాడ నిలబడుతున్నాడు. మా పాఠకుల్లో ఆ పట్టాదారులూ ఉన్నారు. పొలం కౌలుకిచ్చిన ఉద్యోగ మిత్రులు వచ్చే వానకాలానికి ఒక పని చేయొచ్చు. కౌలు కాగితం రాసివ్వండి. ఖాతాలో పడిన పెట్టుబడి సాయం దున్నేటోని చేతిలో పెట్టండి.

బోర్ల లెక్క ఊరి పంచాయతీలో రాసి పెట్టడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఏ సర్వే నంబరులో ఎన్ని వేశారు, ఎంత లోతుకు పోయారు, ఎన్ని ఎండాయి, మేలో ఎన్ని పోస్తున్నాయి. ఒక నోటుబుక్కు, ఒక విద్యార్థి, ఒక వేసవి సెలవు చాలు. విద్యార్థి సంఘాల మిత్రులు తమ ఊళ్లలో ఈ లెక్క రాసి పంపితే మేము అచ్చు వేస్తాం. మూడు బోర్లు వేసిన మా మిత్రుడు తన సర్వే నంబరు కాగితం ఇప్పటికే మా బల్ల మీద పెట్టి పోయాడు.