హక్కుల పనికి డబ్బెక్కడిది?

ముదినేపల్లిలోనో, కొల్లేటి లంకల్లోనో భర్త చేతిలో దెబ్బలు తిన్న స్త్రీ సంఘం తలుపు తడుతుంది. 2005 గృహహింస చట్టం ఆమెకు రక్షణ ఇస్తానంది. కైకలూరుకో ఏలూరుకో తిరిగే బస్సు చార్జీలు, జిరాక్సు కాగితాలు, వాయిదాకు పోయిన రోజు కూలి ఎవరివ్వాలి? కుట్టుమిషన్లకు దాతలు దొరుకుతారు. (కొందరి దృష్టిలో స్త్రీల హక్కులంటే కుట్టుమిషన్లే!) ఏళ్ళ తరబడి కేసు వెంట తిరగడానికి మాత్రం దొరకరు.

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ఎమర్జెన్సీ రోజుల్లో, 1976లో పుట్టింది. 2010లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. 2020 సవరణ ఉచ్చును ఇంకా బిగించింది. ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని మరో సంస్థకు ఇవ్వకూడదు. పెద్ద సంస్థల ద్వారా అందే కొద్దిపాటి సొమ్ముతో నడిచే పల్లె సంఘాలకు ఆ దారి మూసుకుపోయింది. పరిపాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి తగ్గింది. ఆఫీసు అద్దె, లెక్కలు రాసేవారి జీతం, చివరికి లాయరు ఫీజు కూడా ఆ పద్దులోకే వస్తాయి. విదేశీ నిధిని మరో సంస్థకు ఇవ్వకూడదన్న నిషేధాన్ని 2022లో సుప్రీంకోర్టు సమర్థించింది.

లెక్కలు అడగడం తప్పని మనం అనం. పేదల పేరు చెప్పి జీపుల్లో తిరిగిన సంస్థలను మనమూ చూశాం. అయితే ప్రభుత్వాన్ని ప్రశ్నించే వారి గొంతు నొక్కడానికి లెక్కల పేరు వాడుకోవడం వేరు. బ్యాంకు ఖాతాలు స్తంభింపజేయడంతో 2020లో ఆమ్నెస్టీ ఇక్కడ పని ఆపుకోవలసి వచ్చింది.

స్థానికంగా అడగమంటారు. ఇక్కడ డబ్బున్నది చేపల చెరువుల యజమానుల దగ్గర. వారి విరాళం తీసుకున్నాక, చెరువు గట్టు మీద పనిచేసే ఆడకూలీకి మగవాడితో సమానంగా కూలి ఇమ్మని ఏ మొహంతో అడుగుతాం?

1998లో బాలగోపాల్, ఆయన సహచరులు ప్రారంభించిన మానవ హక్కుల వేదిక నిధుల సంస్థల జోలికి పోకుండా సభ్యుల, మిత్రుల చందాలతోనే నడుస్తోంది. ఆ దారి గౌరవించదగ్గది. కానీ మన సంఘాల్లో పనిచేసేవారిలో ఒంటరి స్త్రీలు, కూలి చేసుకుంటే తప్ప పొయ్యి వెలగనివారు ఎందరో. వారిని ఊరికే పనిచేయమంటే, ఇంటిచాకిరీకి విలువ కట్టని లోకానికీ మనకూ తేడా ఏముంది?

అందుకే నెల చందాలో కొంత కేసుల కోసం విడిగా ఉంచాలి. కార్యకర్త ప్రయాణం, భోజనం, కూలినష్టం అందులోంచే ఇవ్వాలి. ఎవరి మీద ఫిర్యాదులొస్తున్నాయో వారి దగ్గర చందా పుచ్చుకోకూడదు. మూడు నెలలకోసారి ఆ లెక్కను సంఘం సమావేశంలో, చదువురాని వారికీ అర్థమయ్యేలా, పైకి చదివి వినిపించాలి.