సూది వేశాక ఓ పావుగంట

ఏటా జూలై 6న పశువుల ఆసుపత్రుల ముందు ఓ చిత్రమైన వరుస కడుతుంది. మామూలు రోజుల్లో గేదెలు, దూడలు, మేకలు వచ్చే ఆవరణలోకి ఆ పూట లాబ్రడార్లు, పామరేనియన్లు, సంచిలోంచి మూతి ఒక్కటే బయటపెట్టిన పిల్లులు, నైలాన్ తాడుతో కట్టి తెచ్చిన నాటు కుక్కలు వస్తాయి. అది జూనోసిస్ దినం, రేబిస్ టీకా ఉచితం. 1885లో అదే తేదీన లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మీస్టర్ అనే పిల్లవాడికి తన టీకా తొలిసారి వేయించాడు. ఎక్కడైనా తంతు ఒకటే. పేరు రాయించడం, కుక్క మూతి గట్టిగా పట్టుకోవడం, సూది, చీటీ, ఇంటిదారి.

ఆ వరుసలో చెవి పెట్టి వింటే టీకాతో తీరని బాధలు చాలా వినిపిస్తాయి. ఒకరింట్లో కుక్క చెప్పులు నమిలేస్తోంది. ఇంకొకరింట్లో రాత్రంతా మొరుగుతోంది, పక్కింటివాళ్ళతో మాటల్లేవు. మరొకరి అబ్బాయి ముచ్చటపడి కొన్న కుక్కని అమ్మానాన్నల దగ్గర వదిలి అమెరికా వెళ్ళిపోయాడు. ముప్పై కిలోల లాబ్రడార్‌ని డెబ్భై ఏళ్ల పెద్దాయన పొద్దున్నే తిప్పుతున్నారు. నిజానికి అది ఆయన్ని తిప్పుతోంది. ఈ కథలన్నీ ఆఖరికి ఒకే మాట దగ్గర ఆగుతాయి: "ఎవరైనా తీసుకుంటే ఇచ్చేద్దామండీ." తీసుకునేవాళ్ళు దొరకకపోతే కాలవగట్టు ఉండనే ఉంది.

గుడివాడకి ఇప్పుడు కావలసింది ఆ వరుసలో నిలబడ్డవాళ్ళ కోసం ఒక బడి. కుక్కలకి కాదు, కుక్కల్ని పెంచేవాళ్ళకి.

ఈ మాటకి నవ్వు రావచ్చు. కానీ బడి అనే పద్ధతి డెల్టాకి కొత్త కాదు. 1989లో ఇండోనేసియాలో వరిని సుడిదోమ ఊడ్చేస్తుంటే రైతుల్ని హాల్లో కూర్చోబెట్టి ఉపన్యాసాలు చెప్పకుండా మడిలోకి దింపి, ఏది శత్రు పురుగో ఏది మిత్ర పురుగో వాళ్ళ చేతే లెక్కపెట్టించారు. ఆ ఆలోచనే మన దగ్గర పొలంబడి అయింది. తర్వాత రాష్ట్రంలో పశువులకి పశు విజ్ఞాన బడి, చేపలకి మత్స్య సాగుబడి వచ్చాయి. ఎద గుర్తించడం, పొదుగువాపు రాకుండా చూసుకోవడం, నట్టల మందు ఎప్పుడు తాగించాలి లాంటివి పశువు పక్కన నిలబడే నేర్చుకోవచ్చు. పాలిచ్చే గేదెకి ఉన్న బడి, కాపలా కాసే కుక్కకి లేదు. గేదె జబ్బుపడితే ఆ నెల పాల డబ్బు పోతుంది కాబట్టి అందరికీ పట్టింది. కుక్క విషయంలో నష్టం చిట్టాపద్దులకి ఎక్కదు, అంతే తేడా.

ఒకప్పుడు ఈ బడి అవసరం లేకపోవడానికి కారణం కూడా ఉంది. గుడివాడకి ఈశాన్యాన కైకలూరు దాటితే కొల్లేరు. ఆ చుట్టుపక్కల బాతుల మందల వెంట జోనంగి కుక్కలు తిరిగేవి. పొట్టి బొచ్చు, ముడతలు పడ్డ నుదురు, సన్నటి ఒళ్ళు. మామూలు కుక్కలా మొరగడం తక్కువ, ఓ రకంగా రాగం తీస్తుంది. నేలలో గొయ్యి తవ్వుకుని అందులో పడుకుంటుంది. బాతులు కాసేవాళ్ళకి ఇవన్నీ ఎవరూ పాఠంగా చెప్పలేదు. తాత చేస్తుంటే మనవడు చూశాడు. వరి పొలాలు చేపల చెరువులుగా మారాక జోనంగికి పనిపోయింది, గట్లు తవ్వే దాని అలవాటు చెరువుల యజమానులకి కంటగింపైంది. కుక్కా తగ్గిపోయింది, దాని మనసు చదవగలిగిన మనుషులూ తగ్గిపోయారు. ఆ ఖాళీలోకి సైబీరియన్ హస్కీ వచ్చింది. మంచులో బండి లాగడానికి పుట్టిన జాతి, రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలో, రెండో అంతస్తు బాల్కనీలో! దాన్ని అమ్మినవాడు కుక్కనిచ్చాడు గానీ పెంపకం ఇవ్వలేదు. అడుగుదామంటే చుట్టుపక్కల తెలిసినవాళ్ళు లేరు. ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకుందామంటే వాటిలో సగం చలిదేశాలవాళ్ళవి.

అమెరికాలో 1990లలో పన్నెండు జంతు ఆశ్రయాల్లో ఓ పెద్ద పరిశీలన జరిగింది. పెంచుకున్నవాళ్ళే తెచ్చి అప్పగించిన కుక్కల్లో 96 శాతం ఏ శిక్షణా పొందనివని తేలింది. శిక్షణ లేకపోవడం వల్లే వదిలేశారని ఆ అంకె ఒక్కటే రుజువు చేయదు. ఇల్లు మారడం, ఖర్చు, అద్దె ఇంటి యజమాని అభ్యంతరం కూడా అక్కడ పెద్ద కారణాలే. అయినా ఆ 96 దగ్గర కాసేపు ఆగాలి. చెప్పులు నమలడం, గుమ్మంలో ఉచ్చపోయడం, వచ్చినవాళ్ళ మీదికి ఎగరడం కొద్దివారాల ఓపికతో సరిదిద్దుకోగల విషయాలు. కుక్కపిల్ల నిద్రలేచాక, తిన్నాక, ఆడాక వెంటనే బయటికి తీసుకెళ్ళి, పని కాగానే మెచ్చుకుంటే నేర్చుకుంటుంది. చేసిన చోట దాని ముక్కు రుద్దితే భయపడడం ఒక్కటే నేర్చుకుంటుంది.

బడిలో ముందు మాన్పించాల్సింది ఓ సామెతని. "మొరిగే కుక్క కరవదు" అని పిల్లలకి చెప్పి మరీ పెంచుతాం. మొరిగే కుక్క కరుస్తుంది, మొరగనిదీ కరుస్తుంది. కరవబోయే ముందు చాలా కుక్కలు తమ భాషలో చెబుతాయి: ముఖం పక్కకి తిప్పుకుంటాయి, పెదాలు నాక్కుంటాయి, నిద్ర లేకుండానే ఆవలిస్తాయి, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తాయి, ఉన్నట్టుండి బిగుసుకుపోతాయి. ఇవి తెలియని ఇంట్లో మూడేళ్ల పిల్లవాడు అన్నం తింటున్న కుక్క తోక లాగుతాడు. ఆ సాయంత్రమే కుక్క ఇల్లు వదలాల్సి వస్తుంది. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగాలని, టీకా వేయించిన సొంత కుక్కే అయినా డాక్టరుకి చూపించాలని ఆ ఇంట్లో ఎంతమందికి తెలుసు? పసుపు అద్దడం మాత్రం అందరికీ తెలుసు.

తర్వాతి పాఠం వంటింటిది. ఉల్లిపాయ కుక్క రక్తకణాల్ని దెబ్బతీస్తుంది. ద్రాక్ష, చాక్లెట్ విషం. ఆదివారం కోడికూరలో ఉడికిన ఎముక చీలి పేగులో గుచ్చుకుంటుంది. పిల్లికి జ్వరంగా ఉందని ఇంట్లో ఉన్న పారాసెటమాల్ బిళ్ళ మింగిస్తే ఆ ఒక్కటే ప్రాణం తీయొచ్చు. గోమార్లు పట్టాయని పొలానికి తెచ్చిన పురుగుమందు ఒంటికి పూస్తే కుక్క దాన్ని నాకుతుంది. ఇందులో డిగ్రీ చదవాల్సిన సంగతి ఒక్కటీ లేదు, ఎవరో ఒకరు ఒకసారి చెబితే చాలు.

ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన పాఠం ఇంకొకటి, వరద. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు మనుషులు వేలల్లో పోయారు, పశువులకి లెక్కే లేదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడలోకి వచ్చినప్పుడు కుక్కని చంకనెత్తుకుని పడవెక్కినవాళ్ళూ ఉన్నారు. తుఫాను హెచ్చరిక రాగానే గొలుసు విప్పాలన్నది మొదటి మాట. కట్టేసి ఉన్న జంతువుకి ఈత వచ్చినా లాభం లేదు. బోనులోకి వెళ్ళడం ముందే అలవాటు చేసిన పిల్లిని రెండు నిమిషాల్లో తీసుకెళ్ళొచ్చు, అలవాటు లేనిది మంచం కిందికి దూరుతుంది.

చట్టంతో సరిపెట్టుకోవచ్చు కదా అనేవాళ్ళున్నారు. చట్టం ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం సరైన కారణం లేకుండా జంతువుని ఆకలిదప్పులకి వదిలేయడం నేరమే. మొదటిసారికి జరిమానా పది రూపాయల నుంచి యాభై. గుడివాడ బస్టాండులో ఇద్దరు టీ తాగి చెరో సమోసా తింటే అంతకన్నా ఎక్కువే అవుతుంది. పోనీ, బడిని నిర్బంధం చేద్దామా? స్విట్జర్లాండ్ చేసి చూసింది. 2008లో కుక్కల యజమానులందరూ తరగతులకి వెళ్ళాలని నియమం పెట్టి, 2016తో దేశవ్యాప్త నియమాన్ని ఎత్తేసింది. దాదాపు అయిదుగురిలో ఒకరు అసలు వెళ్ళనే లేదు. వెళ్ళినవాళ్ళ కుక్కలకీ వెళ్ళనివాళ్ళ కుక్కలకీ స్పష్టమైన తేడా కనబడలేదని అక్కడివాళ్ళు వాదించారు. ఇది బడికి వ్యతిరేక సాక్ష్యంలాగే కనిపిస్తుంది, దాచాల్సిన పనిలేదు. కాకపోతే అక్కడ చీటీ కోసం వెళ్ళారు. బాధ ఉన్నవాడు తనంతట తాను వచ్చి కూర్చునే తరగతి వేరు. అలాంటివాళ్ళు ఏటా జూలై 6న ఎవరూ పిలవకుండానే వస్తున్నారు.

కొత్తగా కట్టాల్సిందేమీ లేదు. గుడివాడ నుంచి గంట ప్రయాణంలో గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, 1998 నుంచి. చివరి ఏడాది విద్యార్థులు నెలకోసారి ఇటు వస్తే వాళ్ళకీ జనంతో మాట్లాడడం అలవాటవుతుంది. ఊరి కాలేజీకి పేరిచ్చిన అక్కినేని నాగేశ్వరరావు కోడలు అమల 1992లోనే హైదరాబాద్‌లో బ్లూక్రాస్ పెట్టారు. అలాంటి సంస్థల అనుభవం అడిగి తెచ్చుకోవచ్చు. సుప్రీంకోర్టు 2025లో వీధి కుక్కల మీద వరసగా ఉత్తర్వులిచ్చాక ప్రతి పురపాలక సంఘం షెడ్లు, ఆపరేషన్ల లెక్కలు వేసుకుంటోంది. ఆ లెక్కల పక్కనే ఇళ్ళలోంచి వీధికి వచ్చే కుక్కల్ని ఇళ్ళలోనే ఆపే ఖర్చు కూడా రాస్తే, అది నాలుగు బెంచీలు, ఒక నల్లబల్ల, సూది వేశాక ఓ పావుగంట.

నెలకోసారి పెట్టే తరగతి మాత్రం ఆదివారం పొద్దున ఏడింటికి పెట్టాలి. తొమ్మిది దాటితే ఆ ఎండకి కుక్కలూ కూర్చోవు, వాటిని పట్టుకొచ్చిన పెద్దవాళ్ళూ కూర్చోలేరు. అమెరికా అబ్బాయికి ఓ వీడియో కాల్ కలిపి పక్కన పెడితే ఇంకా మంచిది. ఆ లాబ్రడార్ అతనిదే కదా!