సన్న తీగలు ఎవరి పని?
- కరెంటు మేస్త్రీలకే నెట్, కెమెరా, హోంథియేటర్ పనులు
- ఒకే పైపులో అన్నీ లాగితే ముప్పు

మండల కేంద్రాల్లోనూ ఇప్పుడు కొత్త ఇల్లు కడితే కరెంటు తీగలతో పాటు టీవీ కేబుల్, ఇంటర్నెట్, సీసీ కెమెరా, హోంథియేటర్ స్పీకర్ల తీగలు గోడల్లోకి చేరుతున్నాయి. ఈ పనినంతటినీ యజమానులు కరెంటు మేస్త్రీకే అప్పగిస్తున్నారు. మళ్లీ గోడలకు గాడులు కొట్టే అవసరం ఉండదన్నది వారి ఆలోచన. ఆలోచన సబబే. చిక్కంతా పని జరుగుతున్న తీరులో ఉంది.

పల్లెల్లో లోవోల్టేజీ అంటే మోటారు తిరగకపోవడమే. ఇక్కడి సంగతి వేరు. మీటరు నుంచి ఇంట్లోకి వచ్చేది 230 వోల్టులు కాగా, నెట్ కేబుల్ ద్వారా కెమెరాకు అందేది 48 వోల్టుల ప్రాంతంలోనే. తాకినా ఏమీ కాదన్న ధీమాతో రెండింటినీ ఒకే పైపులో లాగేస్తున్నారు. కరెంటు తీగ పైపొర చెడి పక్క కేబుల్‌కు తగిలితే సెట్‌టాప్ బాక్సు దాకా విద్యుత్తు పాకుతుంది. అంత కీడు జరగకపోయినా స్పీకర్లలో 'గుయ్'మనే శబ్దం వదలదు.

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు ప్రసరించి అయిదుగురు మరణించారు. అనంతరం స్తంభాలపై వేలాడుతున్న కేబుళ్లను విద్యుత్ సంస్థ తొలగించడం, వివాదం హైకోర్టుకు చేరడం తెలిసిందే. వీధిలో కరెంటు తీగకూ కేబుల్‌కూ ఎడం ఉండాలని అందరూ అంగీకరిస్తున్నారు. గోడ లోపల మాత్రం ఆ పట్టింపు కనిపించడం లేదు.

నైపుణ్యం వేరు

ఐటీఐల్లో ఎలక్ట్రీషియన్, ఎలక్ట్రానిక్స్ మెకానిక్ వేర్వేరు ట్రేడులు. బల్బు తీగ తెగితే మెలివేసి టేపు చుడితే దీపం వెలుగుతుంది. నెట్ కేబుల్‌కు ఆ వైద్యం పనికిరాదు. అందులోని నాలుగు జతల మెలికలను కొన వద్ద అర అంగుళానికి మించి విప్పకూడదు. 11 కిలోల బలానికి మించి లాగితే లోపలి తీగలు సాగిపోతాయి. మొత్తం పొడవు 100 మీటర్లు దాటకూడదు. ఈ లోపాలేవీ టెస్టర్‌కు చిక్కవు. ఇంట్లోకి చేరాక నెట్ నెమ్మదించినప్పుడే బయటపడతాయి.

అసలు ప్రమాదం మరోవైపు

మేస్త్రీ సన్న తీగలు ముట్టుకోవడం కంటే, కెమెరాలు బిగించేవారు స్విచ్‌బోర్డు విప్పడమే ఎక్కువ ఆందోళనకరం. డీవీఆర్‌కు, ఆంప్లిఫయర్‌కు కొత్త ప్లగ్ కావలసి వస్తే ఎర్తింగ్ లేకుండానే దగ్గరి బోర్డు నుంచి తీగ లాగేస్తున్నారు. బల్బులు, ఫ్యాన్లు, స్విచ్‌ల మార్పిడి వంటి చిన్న పనులు మినహా ఇంటి విద్యుత్ పనులను లైసెన్సు గల కాంట్రాక్టరు ద్వారా, పర్మిట్ ఉన్న పనివారే చేయాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. కెమెరా బిగించడానికి వచ్చినవారిని ఆ పర్మిట్ అడిగే యజమాని అరుదు.

స్లాబు వేయకముందే విడి పైపులు, విడి బాక్సులు అమర్చడం, తీగ లాగడం వరకు కరెంటు మేస్త్రీ చేయడమే మేలు. గోడ తెరిచి ఉన్నప్పుడు అక్కడ ఉండేది ఆయనే. కొనలు బిగించి, పరికరంతో పరీక్షించే పని నేర్చినవారికి వదలాలి. మేస్త్రీయే నేర్చుకుంటే అభ్యంతరం ఉండనక్కరలేదు. ప్లాస్టరింగ్‌కు ముందు గోడలను సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకుంటే ఏ పైపు ఎటు వెళ్లిందో తర్వాత వచ్చే ఏ పనివాడికైనా చూపవచ్చు.