తాళపుచెవి పంపినవారి బాధ్యత

బ్యాంకులో సొమ్ము దాచుకొన్నవాడు దానికి కాపలా కూడ తానే కాయవలెనా? ఈ ప్రశ్న నేడు పట్టణములలోనే కాక పల్లెలలో సైతము వినవచ్చుచున్నది.

పీఎం కిసాన్ పేరనో, పెండ్లి శుభలేఖ పేరనో, వాహనపు చలానా పేరనో వాట్సాపులో ఒక ఏపీకే ఫైలు వచ్చును. తెరచి సరే యన్నచో దొంగ యాప్ ఫోనులో తిష్ఠవేసి, కార్డు వివరములడిగి, సందేశములు చదువుటకు అనుమతి కోరును. అది లభించిన పిదప బ్యాంకు పంపు ఓటీపీ యజమాని కంటబడక మునుపే దొంగకు చేరును, ఖాతా ఖాళీయగును.

ఇది క్రొత్త విద్య కాదు. 2012లో బయల్పడిన ‘యూరోగ్రాబర్’ అను కుట్రలో ఇటలీ, స్పెయిన్, జర్మనీ, నెదర్లాండ్స్ దేశముల 30 వేలకు పైబడిన ఖాతాదారుల సొమ్ము 3 కోట్ల 60 లక్షల యూరోలు ఇట్లే అపహృతమైనది. 2017లో అమెరికా ప్రమాణముల సంస్థ సందేశపు ఓటీపీని ఆంక్షలతో మాత్రమే వాడదగిన పద్ధతులలో చేర్చెను. ఇంత జరిగినను మన బ్యాంకులు ఏండ్ల తరబడి దానినే నమ్ముకొనుట దూరదృష్టి యనిపించుకొనదు.

సొమ్ము పోయి బ్యాంకు గుమ్మము త్రొక్కినవానికి తరచు లభించు సమాధానము ‘నీ అజాగ్రత్త’ యనునదే. అజాగ్రత్తను మేము సమర్థింపము. కాని దొంగలు కాచియున్న త్రోవనే తాళపుచెవిని పంపుచు, పెట్టె పోయినప్పుడు సొంతదారునే నిందించుట యేమి న్యాయము? ఖాతాదారుని తప్పిదమును ఋజువుచేయు భారము బ్యాంకుదేయని 2017 జూలై 6వ తేదీనాటి ఉత్తరువులో రిజర్వు బ్యాంకు స్పష్టముగా చెప్పెను. 2025 సెప్టెంబరులో వెలువరించిన నిబంధనలలో, 2026 ఏప్రిల్ 1 మొదలు ఆ నిబంధనలు పాటింపని సంస్థ, తన్మూలమున కలిగిన నష్టమును పూర్తిగా భరింపవలెనని శాసించెను. కాగితముపై నున్న యీ హక్కు బ్యాంకు గుమ్మమువద్ద చెల్లవలెను. ఓటీపీకి మారుగా దృఢతరమైన పద్ధతులను బ్యాంకులు జాగుసేయక కల్పింపవలెను.

ప్రజలును మేల్కొనవలెను. వాట్సాపులో వచ్చిన యాప్‌ను ముట్టరాదు. సందేశములు చదువుటకు అనుమతి నీయరాదు. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక, తత్క్షణమే 1930 నంబరునకును బ్యాంకునకును తెలుపవలెను. ఫిర్యాదునకు రసీదు పొందవలెను. ఆ రసీదు చేతనున్నవానిని ఉత్తచేతులతో పంపివేయుట ఏ బ్యాంకునకును సులభము కాదు.

రైతు సంవత్సరమంతయు చెమటోడ్చి కూడబెట్టిన సొమ్మును బ్యాంకునకిచ్చుట నమ్మకముచేతనే. ఆ నమ్మకమును నిలుపుకొనుట బ్యాంకులు చేయు ఉపకారము కాదు. అది వాని ధర్మము.