శాస్త్రం సరే... మంచినీళ్ల మాటేమిటి?

‘నువ్వు శాస్త్రం తప్పావు’ అని పదిమందిలో నిలదీస్తే రెండు రకాలుగా జవాబు చెప్పొచ్చు. శాస్త్రంతో నాకేం పని అని చేతులు దులుపుకోవచ్చు. లేదా, ఏదీ, ఆ శాస్త్రమేదో పట్రండి చూద్దాం అని ఎదురు కూర్చోవచ్చు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఎదురు కూర్చున్నారు.

1879లో ఆయన వితంతు వివాహం మీద బహిరంగంగా ఉపన్యాసమిచ్చారు. పండితులు భగ్గుమన్నారు. ఖండనలు బయల్దేరాయి. వాటికి జవాబుగా పంతులుగారు అదే ఏడాది మళ్లీ ఉపన్యసించారు. ఆయన పట్టుకున్న ఆధారం పరాశర స్మృతి. భర్త ఆచూకీ లేకుండా పోయినా, మరణించినా, సన్యసించినా, నపుంసకుడైనా, పతితుడైనా స్త్రీకి మరో పతి ఉండవచ్చని అందులో ఉంది. బెంగాల్లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ 1855లో వెలికి తీసిందీ ఈ శ్లోకాన్నే. మరుసటి ఏడాదే వితంతు వివాహ చట్టం వచ్చింది.

ఇక్కడ పతి అంటే మొగుడు కాదు, పెళ్లి నిశ్చయమైన వరుడు మాత్రమేనని వ్యతిరేకుల వాదన. శ్లోకంలో మిగతా మాటలకు ఉన్న అర్థమే ఉంటుందట, ఈ ఒక్కదానికే మారుతుందట! అది వెనకటి యుగాల ధర్మమని ఇంకో వాదన. కలియుగానికి పరాశరం చెప్పిందే ధర్మమని ఆ స్మృతిలోనే ఉంది మరి.

నిజానికి పంతులుగారు 1878లోనే ప్రార్థన సమాజం పెట్టిన మనిషి. అయినా అవతలివాళ్లు నమ్మే పుస్తకంతోనే అవతలివాళ్లకు జవాబు చెప్పారు. ఇంగ్లండులో క్వేకర్లదీ ఇదే తీరు. పురోహితుడక్కర్లేదు, మౌనంగా కూర్చుంటే చాలు, దేవుడే లోపల పలుకుతాడన్నందుకు వాళ్లను బైబిల్ కాదన్నవాళ్లని తిట్టిపోశారు. 1676లో రాబర్ట్ బార్క్లే పండితుల భాషైన లాటిన్‌లోనే, బైబిల్ వాక్యాలే చూపిస్తూ, పెద్ద సమాధానగ్రంథం అచ్చువేయించాడు. పుస్తకానికి పుస్తకం బాగానే ఉంది. కానీ క్వేకర్లను జైళ్లలోకి తోసింది పుస్తకాలు కాదుగా!

మన దగ్గర జైలు బదులు వెలి. 1881 డిసెంబరు 11న గోగులపాటి శ్రీరాములుకు, బాలవితంతువు గౌరమ్మకు పంతులుగారు పెళ్లి చేయించారు. పెళ్లికొచ్చిన స్నేహితుల్లో కొందరు తర్వాత బెదిరిపోయి ప్రాయశ్చిత్తాలు చేయించుకున్నారు. పంతులుగారింటికి వంటవాళ్లు రాలేదు. నీళ్లు మోసేవాళ్లూ రాలేదు.

నీళ్ల కావిడి ఆగిపోతే పరాశరుడేం చేస్తాడు? దానికి జవాబు చెప్పింది పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు. ఎంత చదువుకున్న పండితుడికీ ఖండించడానికి వీల్లేని జవాబు. ఆవిడ వంటింట్లో పొయ్యి తానే వెలిగించుకున్నారు. బిందె తీసుకుని గోదావరికి వెళ్లి, నీళ్లు తానే మోసుకొచ్చారు. ఆ నెలలోనే రాజమండ్రిలో రెండో పెళ్లి కూడా జరిగింది.