పెరటి ముచ్చట్లు: లాన్ మీద గోధుమరంగు మచ్చలు

నారళీ పున్నమి నాడు మార్కండేయ స్వామి రథం ఊరేగి వచ్చేసరికి మన హాలు ముందరి లాన్‌లో మూడు చోట్ల గడ్డి గోధుమరంగుకు తిరిగింది. వినాయక చవితి ఇంకా వారం ఉందనగా లెక్కపెడితే పదకొండు మచ్చలు. మొదట చేటంత ఉన్నవి తర్వాత నులకమంచమంత అయ్యాయి. వానలు లేవా అంటే ఈసారి సోలాపూర్‌లో బాగానే పడ్డాయి. చుట్టూ గడ్డి పచ్చగా ఉంది. మధ్యలో ఈ మచ్చలు మాత్రం కొత్త చీర మీద ఇస్త్రీపెట్టె మాడ్చినట్టు కనబడుతున్నాయి.

ఆ లాన్ చూసుకునేది మన మాలీ అన్న. మిల్లు మూతపడక ముందు సాంచా ఖాతాలో రెండో పాలి చేసిన మనిషి. ఇప్పుడు హాలువాళ్ళిచ్చే జీతమే ఆయనకు ఆధారం. "నీళ్ళు సరిగ్గ కొడుతలేడు, ఆదివారం మీటింగుల తీసేద్దాం" అని కమిటీలో మాట పుట్టింది. నన్ను అడిగారు. నేను గేటు దగ్గర స్కూటర్ దిగకుండానే చూసి, "నీళ్ళు తక్కువైనట్టుంది" అనేశాను. నెలనెలా ఇక్కడ మొక్కల గురించి రాస్తానని నా మాటకు కొంచెం విలువ ఉంది కదా, అది కాస్తా ఆయన మీద సాక్ష్యమైంది.

మర్నాడు పొద్దున్నే అన్న మా ఇంటికొచ్చాడు. గొడవేం పెట్టుకోలేదు. చాయ్ తాగి, "తమ్మీ, నువ్వు పత్రికల రాసేటోనివి. ఒక్కసారి వంగి చూసినంక చెప్పు. అప్పుడు నా తప్పంటే నేనే పోత" అన్నాడు.

సిగ్గేసింది. నేనూ సాంచా మీద పనిచేసినవాణ్ణే. గుడ్డలో తప్పు పడితే కొందరు జాబర్లు రాగానే కార్మికుణ్ణి తిట్టేవాళ్ళు. పని తెలిసిన జాబర్ ముందు గుడ్డ మీద చెయ్యి పెట్టి చూసేవాడు. తప్పు నిలువునా సాగితే పడుగులో వెతకాలి, అడ్డంగా వస్తే పేకలో వెతకాలి, ఒకే ఎడంలో మళ్ళీ మళ్ళీ వస్తే సాంచాలోనే ఏదో భాగం చెడింది. లాన్‌లో కూడా ముందు మచ్చ ఆకారమే చూడాలి. ఇద్దరం వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాం.

మొదట కుక్కల సంగతి చూశాం. కుక్క మూత్రం పోసిన చోట మచ్చ గుండ్రంగా, పళ్ళెమంత ఉంటుంది. దాని అంచున గడ్డి మామూలుకన్నా ముదురు పచ్చగా, ఏపుగా పెరుగుతుంది. ఆ మూత్రంలో నత్రజని ఎక్కువ. మధ్యలో మోతాదు మించి గడ్డిని మాడుస్తుంది, అంచుకు కొంచెమే చేరి ఎరువులా పనిచేస్తుంది. మా మచ్చల చుట్టూ అలాంటి పచ్చటి వలయం లేదు. యూరియా చల్లితే మాడిందా అంటే, అది చెయ్యి విసిరిన దారిలో చారలుగా మాడుతుంది. ఇక్కడ చారలు లేవు. పెళ్ళివాళ్ళు వేడి గంజి పారబోసినా, జనరేటర్ డీజిల్ ఒలికినా గడ్డి ఒక్కరోజులో మాడుతుంది, ఆ తర్వాత మచ్చ పెరగదు. మావి వారం వారం పెరుగుతున్నాయి.

బూజు తెగులైతే తెల్లారగట్ల మంచు ఆరకముందు చూడాలి. గడ్డి మీద సాలెగూడులాంటి సన్నని తెల్లటి పోగులు కనిపిస్తాయి. ఆకు మీద కూడా మచ్చలుంటాయి. అవేమీ లేవు. మెషిన్ బ్లేడు మొండిదైతే కొసలు చిరిగి లాన్ అంతా పాలిపోతుంది, ఇలా మచ్చలు మచ్చలుగా కాదు. బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువైతే ఎండాకాలంలో మట్టి మీద తెల్లటి పొర కడుతుంది. అదీ లేదు.

ఇక అసలు అనుమానం నీళ్ళు. దీనికి పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒకటి చాలు. మన నల్లరేగడి తడిగా ఉంటే అది మెత్తగా దిగుతుంది, ఎండితే రాయిలా అడ్డుపడుతుంది. ఒకే చోట దిగకుండా టక్కున ఆగితే కింద ఇటుక ముక్కలో, కట్టడపు రాళ్ళో ఉన్నట్టు. పచ్చటి చోట దించాను, దిగింది. మచ్చలో దించాను, అక్కడా అంతే సులువుగా దిగింది. తడి రెండు చోట్లా ఒకటే. నీళ్ళు తక్కువైన గడ్డి ఎండకముందు నీలి బూడిద రంగుకు తిరుగుతుంది, తొక్కితే అడుగుల గుర్తు అలాగే ఉండిపోతుంది. అదీ కనబడలేదు. అంటే అన్న నీళ్ళు కొడుతున్నాడు. నేనన్న మాట తప్పు.

అప్పుడు అన్న, "ఇది పట్టి గుంజు" అన్నాడు. మచ్చ అంచున గుప్పెడు గడ్డి పట్టి లాగాను. బలం పెట్టకముందే చాప ఎత్తినట్టు లేచి వచ్చింది. కింద వేర్లు లేవు, ఎవరో కత్తెరతో కత్తిరించినట్టుంది. కుక్క వల్ల మాడినా, ఎండకు మాడినా గడ్డి వేరు పట్టు విడవదు. ఇలా చాపలా లేచిందంటే కింద వేరు తినేది ఏదో ఉంది.

ఖుర్పీతో అడుగు పొడవు, అడుగు వెడల్పు మూడు పక్కలా కోసి గడ్డిని తిప్పి, నాలుగంగుళాలు తవ్వాం. ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. మచ్చ నడుమ తవ్వకండి, పచ్చ, గోధుమ కలిసే అంచున తవ్వాలి. నడుమ తినడానికేం మిగలదు కాబట్టి పురుగు అంచుకు జరుగుతుంది. ఆ ఒక్క అడుగులో పన్నెండు పురుగులు దొరికాయి. తెల్లగా, లావుగా, కొడవలిలా వంగి, గోధుమరంగు తల, ముందు వైపు మూడు జతల కాళ్ళు. చెరకు రైతులు హుమణీ అంటారు, వేరుశెనగ వేసేవాళ్ళు వేరుపురుగు అంటారు. ఒకటి రెండు ప్రతి తోటలో ఉంటాయి, భయం లేదు. పన్నెండంటే గడ్డి బతకదు.

ఇది ఎలా వచ్చిందో కూడా చూద్దాం. మొదటి వాన పడగానే భూమిలోంచి గోధుమరంగు పెంకు పురుగులు పొద్దుగూకే వేళ లేస్తాయి. వేప, తుమ్మ చెట్ల ఆకు తిని, తెల్లారేలోగా మట్టిలోకి దిగి గుడ్లు పెడతాయి. మన కాంపౌండ్ పక్కన వేపలు రెండున్నాయి, రాత్రంతా పెద్ద లైట్లూ వెలుగుతాయి. పైగా ఎండాకాలంలో తక్కువ ధరకు వచ్చిందని కమిటీ ఒక ట్రాలీ పేడ ఎరువు కొని లాన్ మీద పరిపించింది. అది సగమే మాగింది. పచ్చి ఎరువంటే ఈ పురుగుకు పండగే. "ఇది ఇంకా పచ్చిగుంది, ఆర్నెల్లు ఆగుదాం" అని అన్న అప్పుడే అన్నాడట. ఎవరూ వినలేదు. ఆ మాట విన్నవాళ్ళే నాకు చెప్పారు.

ఆదివారం మీటింగుకు నేను ఒక డబ్బాలో పురుగులు తీసుకుపోయాను. ముందు నా తప్పు ఒప్పుకున్నాను. తర్వాత డబ్బా బల్ల మీద బోర్లించాను. కొంతమంది కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. పచ్చి ఎరువు మాట కూడా చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పెద్దాయన ఒకాయన లేచి, "అయితే ఈ ఖర్చు మన ఖాతలనే రాసుకుందాం" అన్నాడు. అన్న ఉద్యోగం మాట మళ్ళీ ఎత్తలేదు. క్షమించమని ఎవరూ అడగలేదు గానీ, మీటింగ్ అయ్యాక ఇద్దరు పోయి ఆయన పక్కన కూర్చుని చాయ్ తాగారు.

ఇక మందు. మచ్చల అంచులు తవ్వి పురుగులు ఏరి, మట్టిని రెండు రోజులు తెరిచి పెట్టాం. కాకులూ గోరింకలూ మాకన్నా బాగా ఏరాయి. తర్వాత కృషి కేంద్రంలో దొరికే మెటారైజియం బూజు పొడి తెచ్చి, బాగా మాగిన ఎరువులో కలిపి, సాయంత్రం తడి మట్టి మీద చల్లాం. ఇది పురుగును పట్టి చంపే బూజు. ఎండలో, ఎండిన మట్టిలో పనిచెయ్యదు. మోతాదు పాకెట్ మీద ఉంటుంది, అంతే వెయ్యండి. వేరు పోయిన గడ్డికి ఒకేసారి ముంచెత్తకుండా కొంచెం కొంచెంగా నీళ్ళివ్వాలి. ఖాళీ చోట్ల గరిక తీగలు నాటాం.

వచ్చే ఏడు మొదటి వాన పడ్డ రాత్రుల్లో వేప కొమ్మలు దులిపి, రాలిన పురుగుల్ని కిరసనాయిలు కలిపిన నీళ్ళ బకెట్లో వెయ్యాలి. ఒక్క ఇంటివాళ్ళు చేస్తే చాలదు, గల్లీ గల్లీ ఒకే వారం చెయ్యాలి. పిల్లలకు ఇది మంచి ఆట కూడా. మన హాలు దగ్గర ఆ పని చూపిస్తానని అన్న ఒప్పుకున్నాడు.

చవితికి గరిక కోసం వచ్చిన ఆడపిల్లలను అన్న మచ్చలు లేని మూలకు తీసుకుపోయి కోయించాడు. నన్ను చూసి, "తమ్మీ, ఈ నెల స్కూటర్ మీదికెల్లి రాస్తవా, కింద కూసుండి రాస్తవా?" అన్నాడు. కిందే కూర్చుని రాశాను.

వచ్చే నెల కుండీలో కరివేపాకు ఎందుకు ముడుచుకుంటుందో మాట్లాడుకుందాం. అప్పటిదాకా మీ లాన్‌లో మచ్చ ఉంటే, ముందు ఒక గుప్పెడు గడ్డి పట్టి లాగి చూడండి.