ఆరు వందల గజాల గీత

హైదరాబాద్ పాతబస్తీలో భవనాల ఇంధన పొదుపు నిబంధనల ప్రస్తావన రాగానే, ‘పేదోళ్ల ఇళ్లమీద ఇదో భారమా, వాళ్లను వదిలేయండి’ అంటారు చాలామంది. చట్టాలూ ఆ మాటే విన్నాయి. వినడానికి దయగా ఉన్న ఈ వాదన పాతబస్తీకి అన్యాయం చేస్తోంది.

2022లో సవరించిన ఇంధన పొదుపు చట్టం 100 కిలోవాట్లు, ఆపైన లోడున్న పెద్ద భవనాలనే లెక్కలోకి తీసుకుంటుంది. ఉల్లంఘిస్తే 10 లక్షల రూపాయల దాకా జరిమానా. కప్పు వేడిని తగ్గించేందుకు 2023లో తెలంగాణ తెచ్చిన కూల్ రూఫ్ విధానం 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకే తప్పనిసరి. అంతకు తక్కువైతే ఇంటివారి ఇష్టం. యాకుత్‌పురా, తలాబ్‌కట్టా గల్లీల్లో 600 గజాల ఇళ్లు ఎన్నుంటాయి? గజాలు తగ్గేకొద్దీ గదులు ఇరుకవుతాయి, గాలి తగ్గుతుంది, కప్పు నెత్తికి దగ్గరవుతుంది. రక్షణ ఎక్కువ కావలసిన చోటే చట్టం ఆగిపోయింది.

మే నెలలో పై పోర్షన్‌లో అద్దెకుండేవాళ్లను అడగండి. పగలంతా కాగిన స్లాబు తెల్లారేదాకా వేడి కక్కుతూనే ఉంటుంది. రేకుల గదుల్లో మధ్యాహ్నం కూర్చోలేం. అక్కడే బాలింతలు, ముసలివాళ్లు, ఇంటిపట్టున జర్దోజీ పనీ గాజుల పనీ చేసుకునే ఆడవాళ్లు. తట్టుకోలేక కూలర్ నడిపితే మీటరు 200 యూనిట్లు దాటుతుంది. దాటిన నెల గృహజ్యోతి పథకం కింద వచ్చే జీరో బిల్లు పోయి, మొత్తం యూనిట్లకూ కట్టాల్సి వస్తుంది. వదిలేశామన్న భారం అలా కిరాయిదారు నెత్తిన పడుతోంది.

పాత ఇళ్లను మార్చలేమనే మాటా నిలవదు. మందపాటి సున్నపు గోడలు, నడుమ ఆంగన్, ఎత్తైన కప్పులతో ఎండకు తగ్గట్టు దేవిడీ భవనాలు కట్టింది ఈ పాతబస్తీలోనే. వాటి స్థానంలో లేచిన పలుచని గోడల ఇళ్ల కప్పులకు కనీసం తెల్లని పూత వేయడం అసాధ్యమేమీ కాదు.

జరిమానా అనగానే పేదవాడి మీద పడుతుందని ఎందుకనుకోవాలి? ఇంగ్లండ్‌లో 2018 ఏప్రిల్ నుంచి ‘ఇ’ కన్నా తక్కువ ఇంధన రేటింగ్ ఉన్న ఇంటిని కొత్తగా అద్దెకివ్వడం చట్టవిరుద్ధమైంది. 5,000 పౌండ్ల దాకా జరిమానా కట్టాల్సింది యజమానే. అద్దెకున్నవాళ్లకు ఏ సంబంధమూ లేదు. యజమానినీ పిండేయలేదు. మరమ్మతులకు 3,500 పౌండ్లకు మించి ఖర్చుపెట్టనక్కర్లేకుండా 2019లో పరిమితి పెట్టారు. ఇంటి వైశాల్యాన్ని బట్టి మినహాయింపు మాత్రం ఇవ్వలేదు.

2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచాలన్నది మన ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం. చిన్న ఇళ్లను వదిలేసి అంత విస్తీర్ణం ఎక్కడినుంచి తెస్తారు? 600 గజాల గీతను చెరిపేయండి. పోర్షన్లు అద్దెకిచ్చే యజమానికి ఖర్చు పరిమితితో బాధ్యత పెట్టండి, తప్పితే జరిమానా వేయండి. సొంతింట్లో ఉండే పేదల కప్పుకు పూత ఖర్చు ప్రభుత్వమే భరించాలి. వచ్చే మార్చిలో ఎండలు ముదరకముందే ఆ పని యాకుత్‌పురా నుంచి మొదలుపెట్టాలి.